డోరు మీది అంకె తప్పినప్పుడు: బరువు లేబుళ్ల రీకాల్ వెనకున్న లెక్క

అమెరికాలో రీకాల్, అంటే లోపమున్న బండ్లను తయారీదారు వెనక్కి పిలిచి సరిచేయడం, అనగానే ఎయిర్‌బ్యాగులో, బ్రేకులో, మంటలంటుకునే బ్యాటరీలో గుర్తొస్తాయి. వాటి మధ్య అప్పుడప్పుడూ ఇంకో రకం ఉత్తరం కూడా వస్తుంది. డ్రైవరు డోరు దగ్గరున్న లేబుల్ మీద బరువు సామర్థ్యం తప్పుగా అచ్చయిందని, కొత్త లేబుల్ ఉచితంగా ఇస్తామని దాని సారాంశం. చాలామంది చదివి పక్కన పడేస్తారు. బండిలో ఏ భాగమూ చెడిపోలేదు, స్టిక్కరే కదా అనుకుంటారు.

చెడిపోయిన భాగం లేదన్నది నిజమే. అయితే టైర్లలో గాలి తగ్గితే డ్యాష్‌బోర్డులో లైటు వెలుగుతుంది గానీ, బరువు ఎక్కువైతే చాలా బండ్లలో ఏ లైటూ వెలగదు. ఎంత ఎక్కించాలో డ్రైవరే తెలుసుకుని ఆగాలి. అందుకు ఆయన దగ్గరున్న ఆధారం ఆ అంకె ఒక్కటే. అది తప్పయితే జాగ్రత్తపరుడైన డ్రైవరు కూడా పరిమితి దాటతాడు, దాటినట్టు ఆయనకు తెలియనే తెలియదు. పైగా కొత్త లేబుల్ అంటించినంత మాత్రాన పాత అంకెను నమ్మి కొన్న ట్రైలర్ బరువు తగ్గదు. ఈ రీకాళ్లలో అందరూ వదిలేసే విషయం ఇదే.

రెండు లేబుళ్లు, రెండు పనులు

డ్రైవరు డోరు తెరిస్తే డోరు అంచునో, దాని పక్కనుండే బి-పిల్లర్ (ముందు, వెనక డోర్ల మధ్యనుండే స్తంభం) మీదో సాధారణంగా రెండు లేబుళ్లు కనిపిస్తాయి. మొదటిది సర్టిఫికేషన్ లేబుల్. తయారీదారు పేరు, బండి తయారైన నెల, సంవత్సరం, బండి గుర్తింపు సంఖ్యైన 17 అక్షరాల విన్ నంబరు దాని మీద ఉంటాయి. వాటితో పాటు జీవీడబ్ల్యూఆర్, జీఏడబ్ల్యూఆర్ అనే అంకెలుంటాయి. బండి, మనుషులు, ఇంధనం, సామాను, హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద ట్రైలర్ మోపే బరువు అన్నీ కలిపి దాటకూడని హద్దు జీవీడబ్ల్యూఆర్. ఒక్కో యాక్సిల్‌కు విడిగా ఉండే హద్దు జీఏడబ్ల్యూఆర్.

రెండోది టైర్లు, లోడింగ్ సమాచారం ఇచ్చే ప్లకార్డు. మొత్తం ఎంతమంది కూర్చోవచ్చు, ముందు ఎందరు, వెనక ఎందరు, టైర్ల సైజు ఏది, టైర్లు చల్లగా ఉన్నప్పుడు ఎంత గాలి ఉండాలి అన్నవి ఇందులో ఉంటాయి. మనుషులు, సామాను కలిపిన బరువు ఎన్నడూ ఇన్ని కిలోలు లేదా ఇన్ని పౌండ్లు మించరాదన్న వాక్యం కూడా ఇందులోనే ఉంటుంది. పేలోడ్ అని అందరూ అనేది ఈ అంకెనే. జీవీడబ్ల్యూఆర్ 10,000 పౌండ్లు, అంటే 4,536 కిలోలు, అంతకు తక్కువున్న బండ్లకు ఈ ప్లకార్డును తప్పనిసరి చేసింది ఫెడరల్ భద్రతా ప్రమాణం 110. అంతకన్నా భారీ బండ్లకు ప్రమాణం 120 వర్తిస్తుంది.

ఉత్తరం వచ్చినప్పుడు ముందు చూడాల్సింది తప్పు ఏ లేబుల్‌లో ఉందన్నది. ప్లకార్డులో పేలోడ్ తప్పయినా సర్టిఫికేషన్ లేబుల్ సరిగా ఉంటే జీవీడబ్ల్యూఆర్‌ను నమ్మొచ్చు. బండిని తూకం వేసి ఆ హద్దులోంచి తీసేస్తే అసలు పేలోడ్ ఎంతో ఎవరికి వారే తేల్చుకోవచ్చు. జీవీడబ్ల్యూఆరో, జీఏడబ్ల్యూఆరో తప్పయితే మాత్రం ఆ దారి మూసుకుపోతుంది. తయారీదారు సరైన అంకె చెప్పేదాకా బరువు ఎక్కించకుండా నడపడమే మంచిది.

అంకె తప్పడానికి కారణాలు

లెక్క చిన్నదే. జీవీడబ్ల్యూఆర్ లోంచి బండి సొంత బరువు తీసేస్తే మిగిలేది పేలోడ్. జీవీడబ్ల్యూఆర్‌ను ఫ్రేము, స్ప్రింగులు, యాక్సిళ్లు, బ్రేకులు, టైర్లు చూసి ఇంజనీర్లు ఒకసారి ఖరారు చేస్తారు. సొంత బరువు అలా స్థిరంగా ఉండదు. పెద్ద సన్‌రూఫ్, ఫోర్‌వీల్ డ్రైవ్, పెద్ద చక్రాలు, మూడో వరస సీట్లు, పవర్ సీట్లు, ఒక్కొక్కటీ కొంత కలుపుతుంది. ఒకే మోడల్, ఒకే ఇంజను, ఒకే రంగు ఉన్న రెండు పికప్‌ల పేలోడ్‌లో వందల పౌండ్ల తేడా ఉండొచ్చు. అందుకే బ్రోషర్‌లో రాసే గరిష్ఠ పేలోడ్‌కూ డోరు మీది అంకెకూ పొంతన కుదరదు. బ్రోషర్‌లోది అతి తేలికైన వేరియంట్‌ది, డోరు మీదిది ఆ ఒక్క బండిది.

ఒక్కో బండికీ ఒక్కో అంకె అచ్చు వేయాలి కాబట్టి ఫ్యాక్టరీలో ఆ పని సాఫ్ట్‌వేర్ చేస్తుంది. ఏ బండికి ఏ ఆప్షన్లు బిగించారో చూసి వాటి బరువులు కూడి ప్రింటరుకు పంపుతుంది. తప్పు ఎక్కువగా ఇక్కడే పుడుతుంది. కొత్త ఆప్షన్ వచ్చినా దాని బరువు డేటాబేస్‌లోకి ఎక్కదు. లేదా ఏడాది మధ్యలో ఒక భాగం మారి బరువు పెరిగినా పాత అంకె అలాగే ఉండిపోతుంది. ఏడు సీట్ల బండికి ఎనిమిది సీట్ల ప్లకార్డు పడుతుంది. కిలోల గడిలో పౌండ్ల అంకె పడిందంటే అది రెట్టింపు కన్నా పెద్ద తప్పు. లైను ఒక్కసారి ఆగి మళ్లీ కదిలినప్పుడు ప్రింటరులో ఒక లేబుల్ వెనకబడితే, అక్కణ్నుంచి ప్రతి బండికీ దాని ముందు బండి లేబుల్ పడుతూ పోతుంది. ఈ చివరి రకం పొరపాటును పట్టుకోవడం కొంత తేలిక. లేబుల్ మీది విన్‌ను విండ్‌షీల్డ్ అడుగునున్న విన్‌తో పోలిస్తే బయటపడుతుంది.

ఫ్యాక్టరీ దాటాక జరిగే తప్పులు వేరు. పోర్టులోనో డీలరు దగ్గరో కొత్త బండికి రన్నింగ్ బోర్డులు, బెడ్ కవరు, పెద్ద టైర్లు బిగిస్తారు. మొదటి కొనుగోలుదారు చేతికి వెళ్లేలోపు అలా కలిపిన బరువు జీవీడబ్ల్యూఆర్‌లో 1.5 శాతమో, 100 పౌండ్లో, ఈ రెంటిలో తక్కువదాన్ని మించితే లేబుల్ మీది సామర్థ్యాన్ని సరిదిద్దాలి. 5,000 పౌండ్ల జీవీడబ్ల్యూఆర్ ఉన్న బండికి ఆ గీత 75 పౌండ్లే. రెండు మూడు యాక్సెసరీలతో ఇట్టే దాటిపోతుంది. కొన్న తర్వాత యజమాని బిగించుకున్నవాటికి ఈ నియమం వర్తించదు. వాటి బరువును ఆయనే మనసులో తీసేసుకోవాలి, లేబుల్ మారదు.

అంబులెన్సులు, డెలివరీ వ్యాన్లు, మోటార్ హోమ్‌ల వంటివి చాలావరకు దశలవారీగా తయారవుతాయి. ఒక కంపెనీ ఛాసిస్ ఇస్తుంది, ఇంకో కంపెనీ బాడీ కడుతుంది. ఛాసిస్‌తో పాటు వచ్చే పత్రంలోని హద్దులను బాడీ కట్టేవారు సరిగా చదవకపోయినా, పూర్తయిన బండిని తూకం వేయకుండా అంచనా మీద లేబుల్ కొట్టినా ఆ మోడల్ మొత్తం రీకాల్‌లోకి వెళుతుంది.

తప్పు అంకె టైరును ఏం చేస్తుంది

అంకె ఏ వైపు తప్పిందన్నది ముఖ్యం. అసలు సామర్థ్యం కన్నా తక్కువ అచ్చయితే యజమానికి అసౌకర్యమే గానీ ప్రమాదం తక్కువ. ఎక్కువ అచ్చయితేనే ముప్పు. గాలి అంకె విషయంలో ఇది తలకిందులు. అక్కడ తక్కువ అచ్చయితేనే భయపడాలి.

టైరు బరువును మోసేది రబ్బరుతో కాదు, లోపలి గాలితో. గాలి తగ్గినా, బరువు పెరిగినా నేలకానే చోట సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, ఎక్కువగా వంగుతుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ ఆ వంపు పడుతుంది, విడుతుంది. హైవే వేగంలో ఇది సెకనుకు పదిసార్లకు మించి జరుగుతుంది. వంగిన ప్రతిసారీ కొంత వేడి పుడుతుంది, ఆ వేడి బయటికి పోయేంత వ్యవధి దొరకదు. స్టీలు బెల్టుల అంచుల దగ్గర రబ్బరు పట్టు సడలి, చివరికి ట్రెడ్, అంటే నేలను తాకే పైపొర, ఊడిపోతుంది. వేసవి, అధిక వేగం, ఎక్కువ బరువు, తక్కువ గాలి, ఈ నాలుగూ కలిసినప్పుడు ఇది త్వరగా జరుగుతుంది. ఎక్కువ బరువుతో ఓసారి బాగా వేడెక్కిన టైరు బరువు దించాక మామూలు స్థితికి రాదు. లోపల జరిగిన నష్టం అలాగే ఉంటుంది, నెలల తర్వాత ఖాళీ బండిలో వెళ్తున్నప్పుడు కూడా బయటపడొచ్చు.

ఈ పాఠం అమెరికా 2000లో చాలా పెద్ద మూల్యం చెల్లించి నేర్చుకుంది. ఆ ఏడాది ఆగస్టులో ఫైర్‌స్టోన్ దాదాపు 65 లక్షల టైర్లను రీకాల్ చేసింది. వాటిలో చాలా భాగం ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్‌లకు బిగించినవి. ఆ బండి ప్లకార్డు 26 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) గాలి పెట్టమంది, 30 ఉండాలని టైర్ల కంపెనీ తర్వాత చెప్పింది. తప్పు టైరుదా, బండిదా అని రెండు కంపెనీలూ బహిరంగంగా వాదులాడుకున్నాయి. ఆ టైర్ల వైఫల్యంతో ముడిపడిన మరణాలు 271 అని జాతీయ రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ లెక్కతేల్చింది. అదే ఏడాది నవంబరులో ట్రెడ్ (TREAD) అనే వాహన భద్రతా చట్టం వచ్చింది. టైర్ల గాలి తగ్గితే హెచ్చరించే వ్యవస్థ, ప్లకార్డు మీద ఒకే తీరు వాక్యం, బరువు అంకె స్పష్టంగా కనపడాలన్న పట్టుదల, వీటన్నిటికీ మూలం ఆ చట్టమే. అంత నష్టం తర్వాత వచ్చిన లేబుల్‌ను వట్టి స్టిక్కరని కొట్టిపారేయడం సరికాదు.

ఒక పికప్ లెక్క

ఊహకు ఒక పికప్‌ను తీసుకుందాం. జీవీడబ్ల్యూఆర్ 7,000 పౌండ్లు. ప్లకార్డు పేలోడ్ 1,520 పౌండ్లంటోంది. కానీ ఆ బండికి బిగించిన ఆప్షన్ల బరువు 180 పౌండ్లు లెక్కలోకి రాలేదు. అసలు పేలోడ్ 1,340.

యజమాని జాగ్రత్తపరుడు. 6,000 పౌండ్ల ట్రైలర్ కొన్నాడు. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద పడాలి, అంతకు తగ్గితే ట్రైలర్ ఊగుతుంది. 12 శాతం అనుకుంటే 720 పౌండ్లు. బండిలో ఐదుగురు, అందరూ కలిపి 800 పౌండ్లు. మొత్తం 1,520. ప్లకార్డు ప్రకారం సరిగ్గా సరిపోయింది, ఒక్క పౌండు కూడా మించలేదు. నిజానికి ఆ పికప్ జీవీడబ్ల్యూఆర్‌ను 180 పౌండ్లు దాటి రోడ్డెక్కింది.

ఆ 180 పౌండ్లు నాలుగు చక్రాలకూ సమానంగా పంచుకోబడవు. హిచ్ ఉండేది వెనక యాక్సిల్‌కు ఇంకా వెనక. చక్రాల మధ్య దూరం 145 అంగుళాలు, వెనక యాక్సిల్ నుంచి హిచ్‌కు 50 అంగుళాలు అయితే, హిచ్ మీది 720 పౌండ్లు వెనక యాక్సిల్ దగ్గర దాదాపు 968 పౌండ్లవుతాయి. ముందు యాక్సిల్ మీద 248 పౌండ్లు తేలికవుతాయి. అంటే వెనక టైర్లు హద్దు దాటుతుంటే స్టీరింగ్ చక్రాల పట్టు సడలుతుంది, హెడ్‌లైట్లు పైకి లేస్తాయి, బ్రేకు వేసినప్పుడు ఆగే దూరం పెరుగుతుంది. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ వాడితే కొంత బరువు ముందుకూ, ట్రైలర్ యాక్సిళ్లకూ సర్దుకుంటుంది. అయినా దాని సొంత బరువు కూడా పేలోడ్‌లోంచే పోతుంది.

టోయింగ్ సామర్థ్యం, అంటే ట్రైలర్‌ను లాగే సామర్థ్యం, బాగానే ఉందిగా అని సర్దిచెప్పుకునేవారు గమనించాల్సిందేమిటంటే, వాహన ఇంజనీర్ల సంఘం ఎస్ఏఈ రూపొందించిన జె2807 ప్రమాణం ప్రకారం ఆ అంకెను లెక్కించేటప్పుడు బండిలో ఒక్కొక్కరూ 150 పౌండ్లుండే ఇద్దరే ఉన్నట్టు భావిస్తారు. కుటుంబంతో వెళ్లేటప్పుడు టోయింగ్ అంకె కన్నా ముందే పేలోడ్ అయిపోతుంది.

స్ప్రింగులు మార్చుకుంటే, వాటికి తోడుగా గాలి నింపే ఎయిర్ బ్యాగులు బిగిస్తే హద్దు పెరుగుతుందన్నది ఇంకో అపోహ. బండి వెనక కుంగడం తగ్గుతుంది, అంతే. యాక్సిల్, బేరింగులు, బ్రేకులు, టైర్లు మునుపటివే. జీవీడబ్ల్యూఆర్ పెరగదు. కుంగకపోవడం వల్ల ఎక్కువ బరువు కంటికి కనిపించకుండా పోవడమే దీని వల్ల వచ్చే అసలు నష్టం.

మోటార్ హోమ్‌లు, క్యాంపింగ్ ట్రైలర్లు

బరువు లేబుళ్ల విషయంలో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సిన చోటు ఇదే. పెద్ద ట్రైలర్ చూసి ఎంతైనా పడుతుందనిపిస్తుంది. అలమరలు, మంచాలు, ఫ్రిజ్, ఏసీ అన్నీ ముందే హద్దును దాదాపు తినేసి ఉంటాయి. అందుకే వీటికి విడిగా సామాను సామర్థ్యపు లేబుల్ ఉండాలి. మోటార్ హోమ్‌కైతే అందులో మనుషుల బరువు కూడా కలుస్తుంది, ట్రైలర్‌కు సామాను మాత్రమే. నీళ్ల ట్యాంకు నిండితే ఎంత బరువవుతుందో కూడా లేబుల్ మీద చెప్పాలి. గ్యాలనుకు 8.3 పౌండ్లు, లీటరుకు ఒక కిలో అన్నది లెక్క. 40 గ్యాలన్ల ట్యాంకు నింపితే 332 పౌండ్లు. సామాను సామర్థ్యం 900 పౌండ్లే ఉన్న ట్రైలర్‌లో మూడోవంతుకు పైగా నీళ్లకే పోయింది. ఆ 900 అన్నది తప్పై అసలు సామర్థ్యం 600 అయితే, నీళ్లు పోను మిగిలేది 268. గిన్నెలు, కుర్చీలు, పక్కబట్టలు సర్దేసరికి అయిపోతుంది.

పైగా ట్రైలర్ లోపల సామాను ఎటు పెట్టారన్నదాన్ని బట్టి ఎడమ, కుడి చక్రాల మీద బరువు సమానంగా పడదు. యాక్సిల్ మొత్తం హద్దులో ఉన్నా ఒకవైపు టైరు మించిపోవచ్చు. వీలైన చోట చక్రం చక్రానికీ విడిగా తూకం వేయించడం ఇందుకే మంచిది.

ఉత్తరం వచ్చాక

లేబుల్ భద్రతా ప్రమాణానికి విరుద్ధమని తయారీదారు నిర్ధారించుకున్న ఐదు పనిదినాల్లో ఎన్‌హెచ్‌టీఎస్‌ఏకు నివేదిక ఇవ్వాలి. ఆ తర్వాత 60 రోజుల్లోపు యజమానులకు తపాలాలో ఉత్తరం వెళ్లాలి. ఒక్క ప్రమాదం కూడా జరగనవసరం లేదు, ప్రమాణానికి తగ్గట్టు లేకపోతే చాలు. తప్పు భద్రతను ప్రభావితం చేయదని కంపెనీ భావిస్తే 30 రోజుల్లోపు మినహాయింపుకు అర్జీ పెట్టుకోవచ్చు. లేబుల్ తప్పుల మీద ఇలాంటి అర్జీలు తరచుగా వస్తాయి. ఈ అవకాశాన్ని ఉంచడం సబబే, కానీ పేలోడ్ ఎక్కువగా అచ్చయిన కేసుల్లో దాన్ని ఒప్పుకోవడానికి బలమైన కారణం కనిపించదు.

రీకాల్ ఉందో లేదో ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైటులో విన్ కొట్టి చూసుకోవచ్చు. అక్కడ కనిపించేవి ఇంకా సరిచేయని రీకాళ్లు మాత్రమే. కొత్త లేబుల్ కొన్నిసార్లు డీలరు అంటిస్తాడు, కొన్నిసార్లు తపాలాలో ఇంటికే వస్తుంది. ఇంటికి వస్తే అంటించే ముందు దాని మీది విన్, టైరు సైజు, సీట్ల సంఖ్య బండితో సరిపోయాయో లేదో చూడాలి. పాత లేబుల్ ఫోటో తీసి పెట్టుకోవాలి. అంటించే చోటును ఐసోప్రొపిల్ ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. మైనం, నూనె, తేమ ఉంటే జిగురు పట్టదు, చలిలో కూడా పట్టదు. పాతదాన్ని పీకమన్నారా, దాని మీదే అంటించమన్నారా అన్నది సూచనల్లో ఉంటుంది, అదే పాటించాలి. పాత అంకె కూడా కనపడేలా రెండు లేబుళ్లూ పక్కపక్కన మిగిలితే పని చెడినట్టే. మధ్యనుంచి అంచులకు గట్టిగా రుద్ది, గాలి బుడగలు లేకుండా చూడాలి.

అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. ఇంధనం నింపి, ఎప్పుడూ వెళ్లేవాళ్లందరూ ఎక్కి, సామానంతా సర్ది, ట్రక్ స్టాపుల్లో ఉండే క్యాట్ స్కేల్ అనే తూకం యంత్రం మీద బండిని తూకం వేయాలి. ముందు చక్రాలు ఒక ప్లాట్‌ఫాం మీద, వెనక చక్రాలు రెండో దాని మీద, ట్రైలర్ చక్రాలు మూడో దాని మీద ఉండాలి. ముందు, వెనక యాక్సిల్ బరువులను జీఏడబ్ల్యూఆర్‌లతో, ఆ రెంటి మొత్తాన్ని జీవీడబ్ల్యూఆర్‌తో పోల్చాలి. ట్రైలర్ విప్పి, మనుషులూ సామానూ అలాగే ఉంచి ఇంకోసారి తూస్తే, రెండు తూకాల్లో బండి బరువు తేడాయే హిచ్ మీద పడే బరువు. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ బార్లు తగిలించి ఉంటే ఈ తేడా తక్కువగా చూపుతుంది, కాబట్టి మొదటి తూకం బార్లు వదులు చేసి తీయాలి.

టైర్లను విడిగా చూడాలి. సైడ్‌వాల్ మీదున్న గరిష్ఠ లోడును ఆ యాక్సిల్ మీది బరువులో సగంతో పోల్చాలి. పికప్‌కో ఎస్‌యూవీకో కారు టైర్లు బిగించి ఉంటే ఆ అంకెను 1.10తో భాగించమంటుంది ప్రమాణం. 2,200 అని రాసున్న టైరును 2,000 పౌండ్లదిగానే లెక్కవేయాలి. పాత తప్పు అంకెతో చాలాకాలం బరువులు మోసిన బండైతే టైర్లను విప్పించి లోపలి వైపు కూడా చూపించడం అవసరం. సైడ్‌వాల్ ఉబ్బడం, ట్రెడ్ అంచులు మధ్య భాగం కన్నా ముందే అరగడం, నునుపైన రోడ్డు మీద కొత్తగా మొదలైన వణుకు, వీటిలో ఏది కనిపించినా ఆ టైరును మళ్లీ దూరప్రయాణానికి వాడకూడదు.

కొత్త అంకె మరీ తగ్గిపోయి బండి కొన్న పనికే పనికిరాకుండా పోతే, కొత్త స్టిక్కరుతో ఊరుకోనక్కర్లేదు. చట్టం ప్రకారం పరిష్కారం మరమ్మతు కావచ్చు, బండి మార్చివ్వడం కావచ్చు, డబ్బు వాపసు కావచ్చు. ఏది ఇవ్వాలో ఎంచుకునే హక్కు సాధారణంగా కంపెనీదే అయినా, ఏ పనికి కొన్నామో, ఏ ట్రైలర్ లాగుతున్నామో, తూకం చీటీలు జతచేసి కంపెనీకి రాతపూర్వకంగా తెలపాలి. అదే వివరాన్ని ఎన్‌హెచ్‌టీఎస్‌ఏకు ఫిర్యాదుగా కూడా నమోదు చేయాలి.

సెకండ్‌హ్యాండ్ బండి కొనేవాళ్లకు ఇంకొక జాగ్రత్త అవసరం. సరిచేయని రీకాల్ ఉన్న కొత్త బండిని డీలరు అమ్మకూడదు గానీ, వాడిన బండికి ఫెడరల్ చట్టంలో అలాంటి నిషేధం లేదు. రీకాల్ ఉత్తరం పాత యజమాని చిరునామాకే పోయి ఉండొచ్చు. అందుకే బేరం కుదిరే ముందు విన్ చూసుకుని, డోరు మీది రెండు లేబుళ్ల ఫోటోలు తీసుకుని, వాటి మీది టైరు సైజు ఇప్పుడు చక్రాలకున్న సైజుతో సరిపోతోందో లేదో చూడాలి. లేబుల్ చిరిగిపోయినా, రంగు కింద కప్పుకుపోయినా, డీలరు దగ్గర విన్ చెప్పి సరైన లేబుల్ తెప్పించమని అడగాలి.